గడ్డపారలో పార ఎక్కడుంది?

సందేహం: మాది హనుమకొండ. ఇంటి వెనక జాగలో కూరగాయల మళ్లు చేసుకున్నాం. మా కోడలిది గుడివాడ దగ్గర పల్లె. మొన్న జామ మొక్క పెడదామని గుంత తవ్వుతూ "గడ్డపార తే బిడ్డా" అన్నాను. ఆమె పార తెచ్చింది. "ఇది కాదమ్మా, నిలువు కడ్డీ" అంటే, "దాన్ని గునపం అనాలి కదా మావయ్యగారూ, పార అంటే వెడల్పు రేకుండేది" అంది. గడ్డపార అనడం తప్పా? గునపం, పలుగు, గడ్డపార ఒకటేనా? తోటపని సామానులో మట్టి తోడే చిన్న ట్రోవెల్‌ను 'తాపీ' అని రాస్తున్నారు, అది సరైనదేనా? కొడవళ్లు అనాలా, కొడవండ్లు అనాలా?

సమాధానం: మీ కోడలు పార తేవడంలో ఆమె తప్పు లేదు. మీరు గడ్డపార అని అడగడంలో మీ తప్పూ లేదు. తిరకాసంతా 'పార' అన్న మాటలోనే ఉంది.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంట్లో సామాను పంచుకుంటారు చూడండి. ఒకే బిందె ఒకరింట్లో నీళ్లకు, ఇంకొకరింట్లో బియ్యానికి వాడుకలోకి వస్తుంది. ద్రావిడ భాషల్లో 'పార'కు జరిగింది అదే. తమిళంలో పారై అంటే ఇనుప కడ్డీ. వాళ్ల కడప్పారై అచ్చంగా మీ చేతిలోని గడ్డపారే. మలయాళంలో పార అన్నా కడ్డీయే. కన్నడంలో మాట మొదటి పకారం హకారమవుతుంది కదా, మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. అట్లాగే పార వాళ్లకు హారె అయింది. అర్థం మాత్రం మారలేదు, అదీ కడ్డీయే. మన తెలుగులో మాత్రం ఒట్టి 'పార' అంటే వెడల్పు రేకు, దానికి అడ్డంగా కర్ర. పాత అర్థం పోలేదు, గడ్డపార అనే జంటమాటలో తలదాచుకుంది. కాబట్టి "గడ్డపారలో పార ఎక్కడుంది" అని మీ కోడలు మళ్లీ అడిగితే, అసలు పార అక్కడే ఉందని చెప్పండి. గడ్డ అంటే పెళ్ల. ఎండిన నేలలో పెళ్లల్ని పెకలించేది గాబట్టి గడ్డపార అని మన ఊళ్లలో అర్థం చెప్పుకుంటారు. ఆ పని చూసినవాళ్లకు ఆ అర్థం అతికినట్టే ఉంటుంది.

గునపం, గడ్డపార వస్తువుగా ఒకటే. నాలుగైదు అడుగుల ఇనుప కడ్డీ, ఒక కొస మొనదేలి గాని ఉలిలా చదునుగా గాని ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో గునపం, మనవైపు గడ్డపార. పలుగన్నా ఆ కడ్డీయే. అది రెండువైపులా తెలిసిన మాటే గాని, ఎక్కువగా పారతో జంట కట్టి 'పలుగూ పారా' అని వినిపిస్తుంది. పేపర్లలో శ్రమదానం వార్త పడితే "పలుగూ పారా పట్టిన కలెక్టర్" అనే రాస్తారు. ఫొటోలో కలెక్టరు చేతిలో పార ఒక్కటే కనిపిస్తుంది, పలుగు వాక్యంలోనే ఉండిపోతుంది! ఇట్లా ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరుండడం కొత్త సంగతి కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం అచ్చువేసింది. రైతుల నోట విన్న మాటల్ని ప్రాంతాల వారీగా అందులో చేర్చారు. 'ఇదే సరైన మాట, అది తప్పు' అన్న తీర్పులతో దానికి పని లేదు.

పేరు సంగతి అట్లుంచి, మీరు జామ గుంతకు గడ్డపార అడగడం పనిని బట్టి కూడా సరైనదే. జామకు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత కావాలి. మన చెలక నేల వాన పడ్డప్పుడు మెత్తగానే ఉంటుంది, ఎండితే ఇటుకే. కొంచెం లోతు దిగితే మొరం తగులుతుంది. అక్కడ పార దెబ్బ కొడితే రేకు ఎగిరి కాలి మీదికొస్తుంది. ముందు గడ్డపారతో పొడిచి పెళ్లలు లేపాలి, తర్వాత పారతో మట్టి లాగాలి, ఆ తర్వాత తట్టకెత్తాలి. మన పార మట్టిని మనవైపు లాగే పనిముట్టు. కాలితో తొక్కి నేలలోకి దింపే 'స్పేడ్'కు పార అని అనువాదం రాసేవాళ్లు ఈ తేడా చూసుకోరు. దానికి కర్ర రేకుతో సమంగా నిలువునా ఉంటుంది, మన పార కామ అడ్డంగా వంగి ఉంటుంది. కామ అంటే పారకు, గొడ్డలికి వేసే పొడుగాటి కర్ర. పిడికిట్లో ఇమిడేది పిడి, అది కొడవలికి, కత్తికి. 'పార పిడి' అని ఎవరైనా రాస్తే వాళ్లు పార పట్టలేదని నాకు అనుమానం.

ఇక తాపీ. ఈ మాటతో నాకో అనుభవముంది. రెండేళ్ల కింద హనుమకొండ చౌరస్తా వైపు ఒక దుకాణంలో ముచ్చటపడి ట్రోవెల్ కొన్నాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ పిడి, చీటీ మీద 'గార్డెన్ తాపీ' అని ముద్ర. ఎండాకాలం చివర్లో నిమ్మ చెట్టు కింద మట్టి గుల్ల చేద్దామని పొడిచాను. మూడో పోటుకు మెడ దగ్గర వంగి గరిటెలా తిరిగిపోయింది. మా వాడలో కలుపు తీసే అవ్వ గోడ మీదినుంచి చూసి, "గది గంటెతోని అయ్యే పని గాదు సారూ, గడ్డపారతోని పొడువాలె. కూరల గంటె వెట్టి బండ పగులగొడ్తరా?" అంది. తర్వాత తన కుర్పి తీసుకుని కలుపు మొక్కల మొదళ్లు ఒక్కొక్కటే పట్టి వేరు కిందినుంచి పెకలించుకుంటూ పోయింది. ఆ కుర్పి రేకు అరిగి అరిగి రెండువేళ్ల వెడల్పుకు వచ్చింది, పిడికి పాత చీర పేలిక చుట్టి ఉంది. వేరు మాత్రం ఒక్కటీ తెగకుండా వచ్చింది.

ఆ అవ్వ అన్న 'గంటె' నాకు నచ్చింది. తాపీ అంటే సుతారి, అంటే ఇల్లు కట్టే మేస్త్రీ, చేతిలో ఉండేది. సిమెంటు పూసి సాపు చేసే చదును రేకు అది. తాపీపని, తాపీమేస్త్రీ అన్న మాటలు అటువైపు ఎంత పాతుకుపోయాయంటే, 'తాపీతో కుండీ నింపండి' అని రాస్తే చదివేవాడికి సిమెంటు కుండీయే తోస్తుంది. ఇంగ్లీషులో సుతారి పనిముట్టుకు, తోటమాలి పనిముట్టుకు ఒకటే పేరుంది గనక మనకూ ఒకటే ఉండాలన్న లెక్కేమీ లేదు. తోట ట్రోవెల్ గుంటగా ఉండి మట్టిని తోడి పోస్తుంది, అది గంటె పని. మట్టిగంటె అనండి. లేదా నర్సరీవాళ్లలా ట్రోవెల్ అనే అనండి, అదీ తెలుగువాళ్లు వాడే మాటే. కుండీల్లోని మెత్తటి మట్టికి, నారు నాటడానికి అది చాలు. కలుపుకు మాత్రం కుర్పి కావాలి. ఉర్దూ ఖుర్పీ మన నోట్లో కుర్పి అయింది. సీమ వైపు ఇలాంటి పనికి తొలిక అంటారు. గడ్డిని నేలబారున చెక్కేది దోకుడుపార. దోకడం అంటే నేలను ఒరుసుకుంటూ గీకడం. పని పేరే పనిముట్టు పేరయింది.

పనిముట్టు మారితే క్రియ కూడా మారుతుంది, మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. చిగురును గోటితో గిల్లుతాం. తంగేడు పువ్వు తెంపుతాం, కోస్తావాళ్లు పూలు కోస్తారు. గడ్డిని కొడవలితో కోస్తాం, గులాబీ కొమ్మను సికేచర్‌తో కత్తిరిస్తాం, మునగ కొమ్మను గొడ్డలితో నరుకుతాం. సికేచర్ కూడా రెండు అలుగుల పనిముట్టే గనక దాన్ని కత్తెర అంటే పేచీ లేదు. కాని మొక్కల పెంపకం మీద వచ్చే రాతల్లో అన్నిటికీ 'కట్ చేయాలి' అనే ఒక్క మాట చూస్తున్నాను. కట్ చేయాలంటే దేనితో? వేలెడు మందం కొమ్మా, దారమంత తీగా? 'గిల్లాలి' అని రాస్తే చదివేవాడు కత్తెర కోసం ఇల్లంతా వెతకడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మనవాళ్లు ఊరికే అనలేదు.

చివరికి కొడవలి. ఈ మాటలో పని లేదు, ఆకారం ఉంది. తమిళంలో కొడువాళ్ అంటే వంకర కత్తి, కన్నడంలో కుడుగోలు. మూడింటిలోనూ మొదటి ముక్కకు అర్థం వంకరే. పళ్లున్న కొడవలిని కక్కు కొడవలి అంటారు. ఆ కక్కుకు వాంతితో సంబంధం లేదు, కక్కు అంటే పన్ను, గాటు. బహువచనంలో మీ కొడవండ్లు తప్పు కాదు. ఇండ్లు, పండ్లు, కండ్లు పాత కావ్యాల్లో నిక్షేపంగా ఉన్నాయి. కోస్తా మాటలో ఇళ్లు, పళ్లు, కళ్లు అయ్యాయి. మనవైపు పాత రూపమే నిలిచింది. కొడవండ్లు ఆ వరసలోదే. పాఠ్యపుస్తకాల్లో కొడవళ్లు ఎక్కువ కనిపిస్తుంది గనక పిల్లలకు రెండూ చెప్పండి. మీ ఇంట్లో అయితే, ఉన్నది ఒక్క కొడవలే అయినన్నాళ్లు ఈ గొడవే రాదు.