గొంతు పూడుకుపోయే వేళ

ప్రశ్న: ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. పని బాగానే వచ్చు. కానీ మీటింగ్‌లో నా వంతు రాగానే గొంతు పూడుకుపోతుంది. ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా రిపోర్టులు చదువుకుని వెళ్లినా అంతే. నా తర్వాత చేరినవాళ్లు టీమ్ లీడ్‌లు అయిపోయారు. మేనేజర్‌ని అడిగితే ‘కాన్ఫిడెన్స్ పెంచుకోండి’ అన్నారు. అదెలా పెంచుకోవాలో మాత్రం చెప్పలేదు. మీరైనా చెప్పండి మేడమ్.
– ఓ పాఠకురాలు

జవాబు: మీ మేనేజర్ మాట చదివితే నాకు కోపం వచ్చిందమ్మా. పెంచుకోమనడం తేలిక, దారి చూపించడమే కష్టం. ఉద్యోగం చేసిన రోజుల్లో ఎన్నో ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. మా ఎదుట తొణక్కుండా మాట్లాడినవాళ్లంతా పుట్టుకతో ధైర్యవంతులని నేననుకోను. మేం అడిగిన ప్రశ్నకు అంతకుముందే ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి నోరు తెరిచి జవాబు చెప్పి ఉన్నవాళ్లే ఎక్కువమంది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, ‘ఇది నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో వివరించారు. మనం స్వయంగా చేసి నెగ్గిన పని, మనలాంటివాళ్లు చేస్తుండగా చూడటం, ఎవరో ఇచ్చే ప్రోత్సాహం, ఆ క్షణంలో మన ఒంటి పరిస్థితి – ఈ నాలుగింటిలో మొదటిదానికే బలం ఎక్కువ అన్నారు. మీకు దొరికింది మూడోది, అదీ అరకొరగా. ఇక మొదటిదాన్ని మీరే సంపాదించుకోవాలి.

మీరు రాత్రి పొద్దుపోయేదాకా చదువుతున్నారన్నారు కదా, చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కొన్ని పాఠాలిచ్చారు. కొందరు వాటిని మళ్లీ చదివారు, ఇంకొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కళ్లు ఎన్నిసార్లు చదివినా నోటికి అలవాటు కాదు. కాబట్టి రిపోర్టు మూసేసి, లేచి నిలబడి, పైకి చెప్పండి: ఈ నెల ఏం మారింది, ఎందుకు మారింది, ఇప్పుడేం చేయాలి. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మొదట్లో మీ గొంతు మీకే నచ్చదు, అయినా వినండి.

ఆ తర్వాత, ఎవరూ అడగకపోతే బాగుండునని మీరు భయపడే ప్రశ్నలు కాగితం మీద రాయండి. ‘రావలసిన బాకీలు ఇంతగా ఎందుకు పేరుకున్నాయి?’ లాంటివి. వాటికి జవాబులు సిద్ధం చేసుకోండి. తెలియనిది ఎదురైతే చెప్పాల్సిన మాట కూడా ముందే అనుకుని ఉంచుకోండి: ‘ఆ అంకె ఇప్పుడు నా దగ్గర లేదు, సాయంత్రంలోగా పంపిస్తాను.’ పంపించండి కూడా. తెలియదని నిదానంగా చెప్పినవాళ్లకు నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు. తెలిసినట్టు కల్పించి చెప్పినవాళ్లకే తగ్గించాను.

ఇక మీరు అడగని సంగతి ఒకటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే. మీ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు ఉంటారుగా? వాళ్లలో ఒక అమ్మాయికి బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే బ్యాంకు లెక్కను మన పుస్తకాల లెక్కతో సరిచూడటం నేర్పండి. ‘ఈ ఎంట్రీ ఎందుకు ఇలా రాశారు?’ అని ఆ అమ్మాయి అడిగినప్పుడు, మీకు నిజంగా ఎంత తెలుసో అక్కడే తేలిపోతుంది. ఇతరులకు బోధించాలి అని చెప్పి చదివిస్తే, పరీక్ష ఉందని చెప్పి చదివించినప్పటికన్నా బాగా గుర్తుంటుందని 2014లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. పైగా, నేర్పేటప్పుడు మన ధ్యాస మన మీద ఉండదు, ఎదుటి మనిషికి అర్థమైందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. గొంతు పూడుకుపోవడానికి తీరిక దొరకదు. మీటింగ్‌లో చేయాల్సిన పని కూడా అదే: పదిమందికి అర్థమయ్యేలా చెప్పడం.

ఆ సాయం మీ గదికే పరిమితం కానివ్వకండి. సేల్స్ వాళ్లకు మీ రిపోర్టు కొరుకుడు పడకపోతే, ఏ అంకె ఏం చెబుతుందో ఒక పేజీలో రాసివ్వండి. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ల వివరాలు ప్రచురించారు. వాళ్లలో, తరచూ కలిసే మనిషి ద్వారా కబురు అందినవాళ్లు వందకు 17 మందే. మిగతా అందరికీ అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్ల నుంచే అందింది. మీ పక్క సీటువాళ్లకు తెలిసిన అవకాశాలు చాలావరకు మీకూ తెలిసినవే. వేరే విభాగం మనిషికి తెలిసినవి వేరు. మీ చేతి సాయం అందుకున్నవాళ్లకు, అవసరం వచ్చినప్పుడు మీ పేరు చెప్పడానికి ఒక కారణం ఉంటుంది.

గుండె దడ వెంటనే పోదు. పోయేదాకా ఆగకండి. మీటింగ్ మొదలైన కాసేపటికే ఒక చిన్న ప్రశ్నైనా అడిగేయండి. ఆలస్యమైనకొద్దీ నోరు విప్పడం బరువవుతుంది.

ప్రశ్న: మీరు సాయం చేయమంటారు. నేను అందరికీ చేస్తూనే ఉన్నాను, నా పనే మిగిలిపోతోంది. ఇలాగైతే ఎదిగేదెప్పుడు?
– ఓ పాఠకుడు

జవాబు: మీరు వాళ్ల పని చేసిపెడుతున్నారేమో చూసుకోండి బాబూ. అది వాళ్లకూ మేలు కాదు, మీకూ కాదు. కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉంచి, మీరు పక్కన కూర్చోండి. ఒకే సందేహం మళ్లీ మళ్లీ వస్తుంటే జవాబు ఒకసారి రాసిపెట్టి, అడిగినవాళ్లందరికీ అదే పంపండి. రోజులో ఏ వేళ అడగవచ్చో ముందే చెప్పండి, మిగతా సమయం మీ పనిది. నేర్పడానికి పోతున్న సమయం మీ పై అధికారికి తెలుసా? తెలియకపోతే ఈ వారమే చెప్పండి. ఆ రాసిపెట్టిన నోట్సు కూడా చూపించండి.