వెడ్డింగ్‌లో ఇల్లు దొరికింది, ఏరియా మంచిదేనా?

బెర్లిన్‌కి కొత్తగా వస్తున్న మన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రూమ్ దొరకడమే గగనమైన ఈ ఊళ్లో ఎలాగోలా ఒకటి దొరుకుతుంది. అడ్రస్ చూస్తే వెడ్డింగ్ అనే పేట. వెంటనే ఎవరో సీనియర్ "అయ్యో, వెడ్డింగా?" అంటారు. ఆ మాట ఫోన్లో ఇంటికి చేరుతుంది, అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతుంది. ఆ మాట అనేవాళ్లలో చాలామంది అక్కడ రైలు మారడానికి తప్ప దిగినవాళ్లు కారు. నేను ఏళ్ల తరబడి అక్కడే కాపురం ఉంటున్నాను, పిల్లల్ని అక్కడే పెంచుతున్నాను. ఇల్లు తీసుకోండి. సామాను సర్దుకున్నాక మాత్రం ఒక పూట ఖాళీ చేసుకుని మీ వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఏరియా ఎలాంటిదో మీ కాళ్లే మీకు చెబుతాయి.

మనవాళ్లు వచ్చిన మొదటి ఏడాదే పారిస్, ప్రాగ్, స్విట్జర్లాండ్ చుట్టేస్తారు. మంచిదే. కానీ తాముండే వీధిలో మందుల షాపు ఏ వైపు ఉందో అడిగితే చెప్పలేరు. ఎర్రటి పెద్ద 'ఎ' అక్షరం కనిపిస్తే అది మందుల షాపు. రాత్రి అది మూసి ఉన్నా తలుపు దగ్గర ఒక నోటీసు ఉంటుంది, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న షాపు అడ్రస్ దాని మీద రాసి ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే 112. అంత తొందర లేకుండా డాక్టర్ కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ ఈరోజే ఫోన్లో పెట్టుకోండి.

ఇక వీధి సంగతి. వెడ్డింగ్‌కి వెన్నెముక మ్యూలర్ స్ట్రాసే అనే పెద్ద వీధి. వెడ్డింగ్ స్టేషన్ దగ్గర మొదలై మూడు కిలోమీటర్లకు పైగా వాయవ్యంగా సాగుతుంది. దాని కిందే యూ6 మెట్రో. 1923లో ఈ లైను జే స్ట్రాసే దాకా వచ్చి ఆగింది, 1956లో ఇంకా ముందుకు పొడిగించారు. ఈ పేట 1861లో బెర్లిన్‌లో కలిసింది, ఫ్యాక్టరీ కూలీలతో నిండింది, 'ఎర్ర వెడ్డింగ్' అని పేరు తెచ్చుకుంది. 1929 మే డే నాడు మొదలైన పోలీసు కాల్పుల్లో ఇక్కడి సందుల్లో జనం చనిపోయారు. యుద్ధం తర్వాత ఫ్రెంచి సైన్యం చేతిలో ఉంది. అందుకే రేబెర్గే స్టేషన్ దగ్గర ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రం ముందు ఒక చిన్న ఐఫిల్ టవర్ నిలబడి ఉంటుంది. టూరిస్టు బస్సులు ఆగని చోటు కాబట్టి తీరిగ్గా ఫొటో దిగవచ్చు.

నడిచేటప్పుడు మొదట ఇంటి నంబర్లు గమనించండి. మన ఊళ్లో సరి సంఖ్యలు ఒకవైపు, బేసి సంఖ్యలు ఒకవైపు ఉంటాయనుకుని వెతికితే ఇక్కడ తిరిగి తిరిగి అలసిపోతారు. బెర్లిన్ పాత వీధులు చాలావాటిలో నంబర్లు ఒకవైపు 1, 2, 3 అంటూ చివరిదాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, రెండో వైపు వెనక్కి వస్తాయి. మ్యూలర్ స్ట్రాసే కూడా అంతే. మొదటి నంబర్లు ఉన్న చోటే, రోడ్డుకి అవతల, 178వ నంబరులో బాయర్ మందుల కంపెనీ ఉంటుంది. ఇంటర్వ్యూకో ఇల్లు చూడడానికో వెళ్తున్నప్పుడు వీధి మూలన బోర్డు చూడండి. వీధి పేరుతో పాటు ఆ భాగంలో ఏ నంబర్ల ఇళ్లున్నాయో ఉంటుంది.

తర్వాత తలుపుల దగ్గర కాలింగ్ బెల్ పలకలు చూడండి. వాటి మీద ఫ్లాట్ నంబర్లు ఉండవు, పేర్లే ఉంటాయి. "302, మూడో అంతస్తు" అని రాస్తే పోస్ట్‌మాన్‌కి ఏమీ అర్థం కాదు. మీ పేరే మీ అడ్రస్. బెల్ మీదా, పోస్ట్ డబ్బా మీదా మీ ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే అతికించాలి. మన ఇంటిపేర్లు కొన్ని చాంతాడంత ఉంటాయి, ముద్దుగా కుదించి పెడదామనిపిస్తుంది. వద్దు. బ్యాంకు పిన్, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ ఐడీ అన్నీ పోస్టులోనే వస్తాయి. పేరు కలవకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. వేరేవాళ్ల వాటాలో ఒక గదిలో ఉంటే, అడ్రసులో ఆ అసలు అద్దెదారు పేరు కూడా రాయించండి. ఇంట్లో చేరిన 14 రోజుల్లో ఆన్‌మెల్డుంగ్, అంటే ప్రభుత్వ ఆఫీసులో అడ్రస్ నమోదు, చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకంతో కాగితం కావాలి. "ఆ కాగితం మాత్రం ఇవ్వం" అనే ఇంటికి అడ్వాన్సు కట్టకండి, ఎంత చవకైనా సరే.

ఇళ్లు కూడా బయటికి కనిపించినంతే ఉండవు. వీధి వైపు ఒక భవనం, దాని గేటులోంచి లోపలికి వెళ్తే ఒక పెరడు, ఆ పెరటి చుట్టూ మళ్లీ ఇళ్లు, కొన్నిచోట్ల ఇంకో పెరడు. కూలీలు కుప్పలుగా వచ్చిన రోజుల్లో ఇలా కట్టారు. 1853 నాటి నిబంధన ప్రకారం పెరడు కనీసం 5.34 మీటర్ల చదరం ఉంటే చాలు, మంటలార్పే బండి తిరగడానికి సరిపోతుందని. వెనక భవనంలో కింది అంతస్తు తీసుకునేవాళ్లకు నా మాట ఒకటే: పగటిపూట వెళ్లి చూసి, ఎండ వస్తుందో లేదో చూసుకుని ఒప్పుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ వెలుతురు లేకపోతే మనసు చాలా కుంగుతుంది.

మీరు ఇంట్లో లేనప్పుడు పార్సిల్ వస్తే పక్కింటివాళ్ల దగ్గర పెట్టి చీటీ రాసి వెళ్తారు. కాబట్టి మెట్ల మీద ఎదురైనవాళ్లకు హలో చెప్పడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. మా మెట్ల దారిలో ఒక టర్కీ పెద్దావిడ ఉన్నారు. మా పిల్లల పుట్టినరోజు పార్సిళ్లన్నీ ఆవిడ గుమ్మంలోంచే మా ఇంటికొచ్చాయి. సంక్రాంతికి అరిసెలు మొదట వెళ్లేది ఆవిడకే.

టర్కీవాళ్ల మాట వచ్చింది కాబట్టి కూరగాయల గురించి చెప్పాలి. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ ఒప్పందం చేసుకున్నాక ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఇక్కడ కొట్లు నడుపుతున్నారు. వారానికోసారి ఊరికి ఆ చివరనున్న ఇండియన్ షాపుకి పరుగెత్తి వాడిన బెండకాయలు తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కొత్తిమీర కట్టలు, పుదీనా, లేత వంకాయలు, పచ్చిమిర్చి, బకెట్లలో గట్టి పెరుగు, అన్నీ మీ వీధి టర్కీ కొట్టులోనే ఉన్నాయి. ఎండాకాలంలో 'సెమిజోటు' అని రాసిన ఆకుకూర కట్ట కనిపిస్తే వదలకండి. అది మన గంగవాయిలి కూరే, కొన్ని జిల్లాల్లో పావిలి కూర అంటారు. పప్పులో వేస్తే అచ్చం ఇంటి రుచి. పెద్ద కూర అరటికాయలు, కంద లాంటి దుంపలు ఆఫ్రికన్ కొట్లలో దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ కోసం మాత్రం ఇండియన్ షాపుకి వెళ్లండి, నెలకోసారి చాలు. ఆదివారం దాదాపు అన్నీ మూసేస్తారు కాబట్టి పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి.

మ్యూలర్ స్ట్రాసే మీదున్న లియోపోల్డ్ ప్లాట్స్ అనే మైదానం గురించి దాచకుండా చెబుతాను. అక్కడ మత్తుమందుల బెడద ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి ఆ చోట కత్తులు, ఆయుధాలు తీసుకెళ్లకూడదని నిషేధం పెట్టారు. అర్ధరాత్రి ఒంటరిగా ఆ మైదానం మధ్యలోంచి అడ్డంగా వెళ్లకండి, దీపాలున్న పెద్ద రోడ్డు పట్టుకుని రండి. పగలు మాత్రం అదే చోట పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్లు బెంచీల మీద కూర్చుంటారు. అక్కడున్న చిన్న ఇటుక చర్చి షింకెల్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ కట్టింది, 1835లో పూర్తయింది. శిఖరం కూడా లేదు, ఎంత సాదాగా ఉంటుందో చూడండి. ఆయన కట్టిన మ్యూజియం చూడడానికి జనం క్యూ కడతారు, ఇక్కడ మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. తాగేసిన సీసా పారేయాల్సి వస్తే చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టండి. షాపులో తిరిగిస్తే ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు, బీరు సీసాకి 8 సెంట్లు వస్తాయి, వాటిని ఏరుకుని బతికే పెద్దవాళ్లు ఉన్నారు. కాస్త ముందుకెళ్తే వెడ్డింగ్ టౌన్‌హాల్ పక్కన 2015లో తెరిచిన షిల్లర్ లైబ్రరీ ఉంది. ఏడాదికి 10 యూరోల కార్డుతో ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీలన్నీ వాడుకోవచ్చు. రూమ్మేట్ల గోలలో చదువు సాగనివాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు.

లియోపోల్డ్ ప్లాట్స్ నుంచి పావుగంట నడిస్తే కాలువ ఒడ్డున నోర్డ్ ఊఫర్ అనే వీధి. అక్కడ ఎర్ర ఇటుకల రాబర్ట్ కాఖ్ ఇన్‌స్టిట్యూట్, లోపల ఆయన చితాభస్మం ఉంచిన సమాధి గది. కలరా క్రిమిని వెతుక్కుంటూ 1883లో కలకత్తా దాకా వచ్చిన మనిషి ఆయన. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టుకున్న రొనాల్డ్ రాస్‌కి 1902లో నోబెల్ వస్తే, కాఖ్‌కి 1905లో వచ్చింది. బేగంపేట వైపు రాస్ పనిచేసిన భవనం చూసినవాళ్లు ఇక్కడికి తప్పకుండా రండి.

నడకలో కాళ్ల కింద కూడా చూడండి. పేవ్‌మెంట్‌లో అరచేతిలో పట్టేంత ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి, "ఇక్కడ నివసించారు" అని మొదలై ఒక పేరు, పుట్టిన ఏడాది, ఎక్కడికి తీసుకెళ్లి చంపారో రాసి ఉంటుంది. నాజీల చేతిలో పోయినవాళ్ల గుర్తుగా గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని ఇది. యూరప్ అంతటా ఇలాంటివి లక్షకు పైగా ఉన్నాయి. ఒక్క క్షణం ఆగి చదివి వెళ్లండి.

వీధి పక్కన పచ్చటి ఇనుప బోరింగులు కనిపిస్తాయి. పైపుల్లో నీళ్లు ఆగిపోతే పనికొస్తాయని ఊరంతా సుమారు 2000 ఉంచారు. ఆ నీళ్లు తాగకూడదు. ఎండలు ముదిరితే సాయంత్రాలు జనం బకెట్లతో కొట్టి తమ గుమ్మం ముందు చెట్టుకి పోస్తారు. మీరూ ఒక బకెట్ పట్టుకెళ్లండి. బోరింగు కొట్టడం వచ్చిన మనవాళ్లు అక్కడ ఇట్టే కలిసిపోతారు, జర్మన్ మాట్లాడే మొదటి అవకాశం చాలామందికి అక్కడే దొరుకుతుంది.

అమ్మానాన్నలు 90 రోజుల వీసా మీద వచ్చినప్పుడు ఈ నడక అసలు విలువ తెలుస్తుంది. పిల్లలు ఆఫీసుకి పోతే వాళ్లు నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. వాళ్లను షిల్లర్ పార్కు పక్కన బ్రిస్టల్ స్ట్రాసేకి తీసుకెళ్లండి. ఆర్కిటెక్ట్ బ్రూనో టౌట్ 1924 నుంచి 1930 దాకా కట్టించిన ఎర్ర ఇటుకల ఇళ్లు, మధ్యలో విశాలమైన పచ్చిక. ఇరుకు పెరళ్లలో మగ్గిన కూలీలకు గాలీ వెలుతురూ ఇవ్వాలని కట్టిన కాలనీ. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఈరోజుకీ మామూలు కుటుంబాలే ఉంటున్నాయి, కాబట్టి కిటికీల్లోకి తొంగిచూడకుండా నడవాలి. రెండుసార్లు మీరు తోడు వెళ్తే మూడోసారి వాళ్లే వెళ్తారు. జేబులో ఒక కాగితం పెట్టి పంపండి: వీధి పేరు, ఇంటి నంబరు, బెల్ మీదున్న పేరు, ముందు భవనమా వెనక భవనమా, మీ ఫోన్ నంబరు. పార్కులో బెంచీలు బోలెడు, దారిలో ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు మాత్రం రెండు వైపులా చూడమనండి. ఎర్ర రాళ్లు పరిచిన దారి సైకిళ్లది, దాని మీద నడవొద్దని మరీ మరీ చెప్పండి.