మట్టి గోడ వానకి నిలుస్తుందా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. సిమెంట్ ఇటుకల గది రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతోంది, తాతగారి మట్టిల్లు మాత్రం చల్లగా ఉంటుంది. కొత్త గదికి మట్టి గోడలు పెట్టొచ్చా, వానకి కరిగిపోవా?

జవాబు: తప్పకుండా పెట్టండి. అడుగున్నర మందం గోడలో ఎండ వేడి మెల్లగా నడుస్తుంది, లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది, అప్పుడు కిటికీలు తెరిస్తే చాలు. జిగురుమట్టి ఒక్కటే వాడితే బీటలేస్తుంది కాబట్టి ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి తొక్కి, కొన్నాళ్లు నాననిచ్చి, ముందు గుప్పెడు ముద్ద ఎండబెట్టి చూడండి. పగిలిందా, ఇంకాస్త ఇసుక వేయండి. నేలలోంచి ఎక్కే చెమ్మే అసలు టెన్షన్: రాతి పునాది రెండడుగులు పైకి లేపి, చూరు బాగా బయటికి దించండి. పైన సిమెంట్ పూత మాత్రం వద్దండీ, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పేడమట్టి అలుకు, సున్నం చాలు. 2018 తిత్లీ తుపాను గుర్తుందిగా, కప్పుని గోడ మీద ఊరికే ఆనించకుండా నేలలో పాతిన రాటలకి బిగించి కట్టించండి.