గాజు రాడ్డుతో ఫ్లై విసరడం: పాఠకుల ప్రశ్నలు

(ఫ్లై అంటే కొక్కేనికి దారం, ఈకలు చుట్టి చేసిన పురుగులాంటి ఎర. దాన్ని లైన్ బరువుతో విసిరి చేపలు పట్టేది ఫ్లై రాడ్డు. గాజు రాడ్డు అంటే గాజు నారతో, అంటే ఫైబర్‌గ్లాస్‌తో చేసింది.)

ప్రశ్న: అన్నా, మా తాత వాడిన ఫ్లై రాడ్డు ఒకటి అటక మీద దొరికింది. తెల్లగా ఉంది, రెండు ముక్కలు, ఎనిమిదడుగులు. పిడి పైన షేక్‌స్పియర్ వండరాడ్ అని, దాని కింద హెచ్‌డీహెచ్ అని రాసి ఉంది. ఒళ్లంతా మరచుట్టు గీతలున్నాయి. కేసీ కెనాల్ గట్టు మీద విసిరితే లైన్ ముందుకు సాగకుండా కుప్పగా పడుతోంది. నా ఫ్రెండ్ కార్బన్ రాడ్డుతో నాకు రెట్టింపు దూరం వేస్తున్నాడు. ఆ గీతలు పగుళ్లా? ఈ రాడ్డు ఇక పనికిరాదా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పనికిరాకపోవడమేంటి తమ్ముడూ, మంచి గాజు రాడ్డు దొరికింది నీకు. ఆ మరచుట్టు గీతలు పగుళ్లు కావు, తయారీలోనే పడినవి. పాత వండరాడ్లను దూరం నుంచి చూసి గుర్తుపట్టేది ఆ గీతలతోనే. అనుమానం ఉంటే చిన్న దూది ఉండతో రాడ్డును పొడవునా తుడువు. దూది పోగు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ ఆగి, భూతద్దంతో చూడు. జాయింట్ దగ్గర, లైన్ దూరే రింగుల కాళ్ల కింద మరింత జాగ్రత్తగా చూడాలి.

ఆ రాడ్డు ఎక్కడిదో తెలిస్తే దాని మీద నీకు గౌరవం పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఆర్థర్ హోవాల్డ్ అనే శాస్త్రవేత్త తన వెదురు రాడ్డు కొస విరిగితే, మరో కొస దొరక్క, గాజు నారతో ఒకటి చేసుకున్నాడు. ఆ పద్ధతినే షేక్‌స్పియర్ కంపెనీ తీసుకుని యుద్ధం అయ్యాక వండరాడ్ పేరుతో అమ్మింది. 1950లో చైనా సరుకు మీద అమెరికా నిషేధం పెట్టడంతో రాడ్లకు వాడే టాంకిన్ వెదురు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గాజు రాడ్లదే రాజ్యం. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ రాడ్డు తెచ్చాక వీటిని అటకలెక్కించారు.

ఇప్పుడు లైన్ సంగతి. హెచ్‌డీహెచ్ అంటే పట్టు లైన్ల కాలం నాటి కొలత. ఒక్కో అక్షరం ఒక్కో లావు. హెచ్ అంటే అంగుళంలో వెయ్యింట 25 వంతులు, డి అంటే 45 వంతులు. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉండే లైన్ అన్నమాట, దీన్నే డబుల్ టేపర్ అంటారు. నైలాన్ వచ్చాక అదే లావున్న లైన్ బరువు మారిపోయింది, అక్షరాలతో లెక్క కుదరలేదు. అందుకే 1961లో అమెరికాలో చేపల వేట సామాను తయారీదారుల సంఘం లైన్‌లో మొదటి 30 అడుగుల బరువును బట్టి నంబర్లు పెట్టింది. 5వ నంబరుకు 140 గ్రెయిన్లు, అంటే మన లెక్కలో 9 గ్రాముల పైచిలుకు. 6వ నంబరుకు 160 గ్రెయిన్లు, 10 గ్రాముల పైచిలుకు. నీ హెచ్‌డీహెచ్ ఇప్పటి 5 లేదా 6కి దగ్గర. నువ్వు ఏ లైన్ వేశావో రాయలేదు. 5వ నంబరు డబుల్ టేపర్‌తో మొదలుపెట్టి, రాడ్డు వంగినట్టు చేతికి తెలియకపోతే 6కి మారు. డబుల్ టేపర్ లైన్‌కు రెండు కొసలూ ఒకటే కాబట్టి, ఒక కొస అరిగితే తిప్పి వేసుకోవచ్చు.

కుప్పగా పడటానికి లైన్ ఒక్కటే కారణమని నేననుకోను. నువ్వు ఆ రాడ్డును కార్బన్ రాడ్డులా విసురుతున్నావు. మామూలు కార్బన్ నార బిగువులో గాజు నారకు దాదాపు మూడు రెట్లు. అందుకే కార్బన్ రాడ్డు కొస దగ్గరే వంగి టక్కున నిలబడుతుంది. గాజు రాడ్డు పిడి దాకా వంగుతుంది, తీరిగ్గా లేస్తుంది. దాన్ని గట్టిగా కొడితే కొస కిందికి జారి, లైన్ తనలో తనే చిక్కుకుంటుంది. బలం పెంచేకొద్దీ దూరం తగ్గుతుంది. కార్బన్ రాడ్డుతో అలవాటైన చేతికి ఇది నమ్మబుద్ధి కాదు.

ఇలా చెయ్యి. ముందు కొక్కెం తీసేసి, లీడర్ (లైన్ కొసకు కట్టే సన్నటి నైలాన్ దారం) చివర ఉన్ని ముక్క కట్టుకో. గడ్డి ఉన్న గ్రౌండుకు వెళ్లు. మన నాపరాళ్ల నేల మీద, గరుసు మట్టి మీద లాగితే లైన్ పై పూత పాడవుతుంది. రాడ్డు కొస బయట 25 అడుగుల లైన్ చాలు. పిడిని వదులుగా పట్టుకో, బొటనవేలు పైన పెట్టు. కొసను నేలకు దగ్గరగా ఉంచి, లైన్‌లో వదులు లేకుండా చూసుకుని, నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచుతూ వెనక్కి తెచ్చి ఆపు. ఆపాక తల తిప్పి వెనక్కి చూడు. లైన్ విచ్చుకుంటూ పోయి సాగే దాకా చెయ్యి కదలకూడదు. ఉయ్యాల ఊపేటప్పుడు అది వెనక్కి పూర్తిగా వెళ్లాకే కదా తోస్తాం, ఇదీ అంతే. సాగిన లైన్ రాడ్డును కాస్త లాగినట్టు అరచేతికి తెలుస్తుంది. అప్పుడు ముందుకు రా, అదీ మెల్లగా మొదలుపెట్టి. చెయ్యి తిరిగే మేర కూడా కార్బన్‌తో కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఇక్కడ రాడ్డు ఎక్కువ వంగుతుంది. గాల్లో ఊరికే నాలుగైదు సార్లు ఊపకు. ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు, నీళ్ల మీదికి.

నా దగ్గర పసుపు రంగు ఈగిల్ క్లా ఫెదర్‌లైట్ ఉంది, ఏడడుగులది. దాంతో పరక చేప పడినా రాడ్డు పిడి దాకా ఆడుతుంది. ఆ ఆట కోసమే నేను కార్బన్ రాడ్డును ఇంట్లో పెట్టి దాన్ని తీసుకెళ్తాను. ఇంకో లాభం ఉంది: తెగే ముందు గాజు నార కార్బన్ కంటే రెట్టింపు పైనే సాగుతుంది. చేప ఒక్కసారిగా ఉరికినా రాడ్డే వంగి ఆ కుదుపును తీసుకుంటుంది, సన్నటి నైలాన్ కూడా నిలబడుతుంది.

కెనాల్ గట్టు అన్నావు కాబట్టి ఒక మాట. అక్కడ వెనకంతా సీమ కంప, వెనక్కి విసిరితే ఫ్లై కంపకే. రోల్ కాస్ట్ నేర్చుకో, అంటే లైన్‌ను వెనక్కి గాల్లోకి పంపకుండానే ముందుకు విసరడం. లైన్‌ను నీళ్ల మీదే మెల్లగా వెనక్కి జరుపు. భుజం పక్కన లైన్ కడుపులా వేలాడే దాకా తెచ్చి ఒక్క క్షణం ఆపు, ఆ తర్వాత ముందుకు తోసి ఆపు. ఇది నీళ్ల మీద తప్ప గడ్డిలో సరిగా రాదు, లైన్‌ను నీళ్లు పట్టుకోవాలి. ఈ పనికి గాజు రాడ్డును మించింది నేను చూడలేదు. ఆషాఢం గాలుల్లో మాత్రం కష్టపడకు. గాజు రాడ్డు లావు ఎక్కువ, గాలి తగులుతుంది. తెల్లవారుజామునే వెళ్లి ఎండ ఎక్కకముందే వచ్చెయ్. సుంకేసుల వైపు వెళ్తే గేట్ల దిగువన నిలబడకు, నీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పలేం.

ప్రశ్న: సార్, మా నాన్నగారి గాజు రాడ్డు జాయింట్ బిగుసుకుపోయింది. ఇత్తడిలాంటి లోహపు జాయింట్. పోయిన ఎండాకాలం తగిలించి అలాగే ఉంచేశాం. పట్టకారుతో తిప్పితే వస్తుందా? టెన్షన్‌గా ఉంది, అది ఆయన గుర్తు.
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పట్టకారు పెట్టకండమ్మా. తిప్పకండి కూడా. తిప్పితే లోహం లోపల గాజు విరుగుతుంది, లేదా జాయింట్ అతుకు ఊడుతుంది. రింగులు పట్టుకుని లాగడం అంతకన్నా ప్రమాదం. తుప్పు వదిలించే నూనె ఒకటి రెండు చుక్కలు అతుకు దగ్గర వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఇద్దరు ఎదురెదురుగా నిలబడండి. ఒక్కొక్కరు ఒక చెయ్యి పై ముక్క మీద, ఒక చెయ్యి కింది ముక్క మీద పెట్టి, ఇద్దరూ ఒకేసారి తిన్నగా లాగాలి. ఒక్కరే ఉంటే, కాస్త వంగి రాడ్డును మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టుకోండి. మోకాళ్ల బయట జాయింట్‌కు అటూ ఇటూ చేతులతో పట్టుకుని, మోకాళ్లను మెల్లగా విప్పండి. కాళ్ల బలంతో అది తిన్నగా వస్తుంది. రాకపోతే మళ్లీ నూనె వేసి మర్నాడు చూడండి. మంట మాత్రం చూపించొద్దు.

ఊడాక స్పిరిట్‌తో నూనె పూర్తిగా తుడిచెయ్యండి. పాత లోహపు జాయింట్లను చాలావరకు వేడికి కరిగే లక్కలాంటి జిగురుతో అతికించారు. మన అనంతపురం ఎండలో మూసిన కారులో వదిలితే ఆ జిగురు మెత్తబడుతుంది. చేపలు పట్టడం అయిన వెంటనే ముక్కలు విడదీసి, తడి తుడిచి, గుడ్డ సంచిలో పెట్టండి. ఆయన గుర్తు అంటున్నారు కాబట్టి చెబుతున్నా, షోకేసులో పెట్టకండి. శింగనమల చెరువు మీకు దగ్గరే కదా, నీళ్లుంటే తీసుకెళ్లి విసరండి.

ప్రశ్న: నా రాడ్డు జాయింట్ లోహం కాదు, గాజే. లోపల బొడిపె ఉండి పై ముక్క దాని మీద కూర్చుంటుంది. ఎంత నొక్కినా రెండు ముక్కల మధ్య అర అంగుళం లోపు ఖాళీ మిగులుతోంది. అరిగిపోయిందా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: లేదు, అలాగే ఉండాలి. వాడుతూ ఉంటే బొడిపె అరిగి పై ముక్క కిందికి దిగుతుంది, దానికోసమే ఆ ఖాళీ వదిలారు. ఖాళీ పూర్తిగా మూసుకుని రాడ్డు వదులుగా ఆడితే అప్పుడు ఆలోచించాలి. బొడిపెకు మామూలు కొవ్వొత్తి మైనం రుద్ది వాడండి. నూనె వద్దు.

ప్రశ్న: అన్నా, గాజులదిన్నెలో కొర్రమీనుకు పాత గాజు రాడ్డు, 6వ నంబరు లైన్ సరిపోతుందా?
- ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: దానికి వద్దు తమ్ముడూ. కొర్రమీను కొక్కెం పడగానే నాచులోకి దూరుతుంది. దాన్ని ఆ క్షణమే బలంగా ఇవతలికి లాగాలి. నీ రాడ్డు ఆ సమయంలో వంగుతూ పోతుంది, చేప నాచులోనే ఉండిపోతుంది. కొక్కెం నోట్లో ఉండగా దారం తెగితే చేపకూ కష్టమే. దానికి 8వ నంబరు గట్టి రాడ్డు తీసుకో. ఈ గాజు రాడ్డుతో జిలేబీ చేపలకు, పరకలకు వెళ్లు. చిన్న కొక్కానికి గోధుమ రంగు దారం, రెండు ఈక పోగులు చుట్టిన ఫ్లై కట్టి, గట్టుకు దగ్గరగా వేసి, మునగనిచ్చి, వేళ్లతో కొంచెం కొంచెం లాక్కో. 20, 30 అడుగుల్లోనే చేపలుంటాయి, అంతకు మించి విసరాల్సిన పని పడదు.

చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపల హక్కు మత్స్యకారుల సంఘాలదో, లీజు తీసుకున్నవాళ్లదో అయి ఉంటుంది. వాళ్లు పిల్ల చేపలు కొని వదులుతారు, అది వాళ్ల తిండి. గట్టు మీద ముందు వాళ్లను కలిసి, ఒకటీ రెండు పట్టి వదిలేస్తామని చెప్పి, సరేనంటేనే రాడ్డు సంచిలోంచి తియ్యి.