రోలర్ బ్లైండ్ తీయకుండా దాని మీద కర్టెన్ వేయొచ్చా?

అద్దె ఫ్లాట్‌లో ఓనర్ బిగించిన రోలర్ బ్లైండ్‌ని (గొలుసు లాగితే పైకి చుట్టుకునే కిటికీ తెర) కదపకుండా, దాని మీద కర్టెన్లు వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చండి. మియాపూర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో పడమటి బెడ్‌రూంకి వేశాం. మొదటిసారి తప్పు చేసి, రెండోసారి సరిచేసుకున్నాం. మీకు ఆ తిప్పలు ఉండకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మా బ్లైండ్ కిందిదాకా దించినా రెండు పక్కలా వేలు పట్టేంత సందు ఉండేది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం 3 దాటితే చాలు, ఆ సందులోంచి ఎండ సన్నటి గీతలా వచ్చి నిద్రపోతున్న పాప మొహం మీదే పడేది. దాంతో గబగబా కిటికీ పొడవు, వెడల్పు మాత్రం కొలుచుకుని రాడ్, బ్రాకెట్లు తెచ్చేశాం. బిగించాక చూస్తే బ్లైండ్ చుట్ట గోడ నుంచి 3.5 అంగుళాలు ముందుకుంది, బ్రాకెట్ ఏమో 3 అంగుళాలే. కర్టెన్ ఆ చుట్ట మీదికెక్కి ఉబ్బిపోయింది. లాగిన ప్రతిసారీ బ్లైండ్ పూసల గొలుసుకి తగులుకునేది.

అందుకే ముందు స్కేలు పెట్టి బ్లైండ్ గోడ నుంచి ఎంత ముందుకొచ్చిందో చూడండి. గొలుసు ఉన్న వైపు ఇంకొంచెం ఎక్కువుంటుంది, అక్కడే కొలవాలి. దానికి 2 అంగుళాలు కలపండి. రింగుల కర్టెన్ మడతలు రాడ్ వెనక్కి కూడా వస్తాయి కదా, వాటికి ఆ చోటు కావాలి. మా లెక్క 5.5 అంగుళాలు తేలింది. అంత పొడవు సింగిల్ బ్రాకెట్ షాపులో దొరకలేదు. రెండు రాడ్లు పట్టే డబుల్ బ్రాకెట్ తెచ్చి, లోపలిది ఖాళీగా వదిలేసి బయటి రాడ్‌కే కర్టెన్ వేశాం. చక్కగా కుదిరింది. మీ బ్లైండ్ కిటికీ గూట్లోపలే ఉండిపోతే ఈ గొడవే లేదు, మామూలు బ్రాకెట్ చాలు.

రాడ్ బ్లైండ్ కంటే రెండు వైపులా 6 నుంచి 8 అంగుళాలు ఎక్కువ ఉండాలి. పక్క సందుల్లోంచి వచ్చే ఎండని ఆపేది అదే. రాడ్ బ్లైండ్‌కి పైన వస్తుంది కాబట్టి 5 అడుగుల రెడీమేడ్ కర్టెన్ పొట్టిదైపోతుంది, 7 అడుగులది తీసుకోండి. గుడ్డ వెడల్పు రాడ్‌కి రెట్టింపు ఉంటేనే మడతలు నిండుగా పడతాయి. వెలుతురు రానివ్వని బ్లాకవుట్ గుడ్డ బరువెక్కువ, మధ్యలో మూడో బ్రాకెట్ తప్పనిసరి.

రంధ్రాలు వేసే ముందు ఓనర్‌ని ఒక మాట అడగండి. కిటికీ పైన లింటెల్ కాంక్రీట్ ఉంటుంది, మామూలు డ్రిల్ దిగదు. హ్యామర్ డ్రిల్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మా గోడలో ఒకచోట ఇనుప ఊచ తగిలింది. ఆయన బలవంతం చేయకుండా అరంగుళం పక్కకి జరిపి వేశారు. రంధ్రాలు వద్దనుకుని స్ప్రింగ్ రాడ్ (రెండు గోడల మధ్య స్ప్రింగ్ బిగువుతో నిలిచేది) కొనకండి, బరువైన గుడ్డకి అది జారిపోతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో సంగతి. కర్టెన్ వేశాక బ్లైండ్ గొలుసు దాని వెనక కనిపించకుండా వేలాడుతుంటుంది. పిల్లలు కర్టెన్ చాటున దాక్కుంటారు, గొలుసు మెడకి చుట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. మేం గోడకి ఎత్తులో చిన్న కొక్కెం కొట్టి గొలుసంతా దానికే చుట్టేస్తున్నాం. కర్టెన్ వేసిన రోజే ఆ పని కూడా చేయించండి.