టీబీ మందులు వాడుతుండగా గడ్డ పెరిగితే?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. మెడకు ఎడమవైపు గడ్డలు లేస్తే సూదితో పరీక్ష చేసి, లింఫు గ్రంథుల టీబీ అని చెప్పారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రోజూ తప్పకుండా వేసుకుంటోంది. మొదటి నెలలోనే జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది, బరువు పెరిగింది. రెండో నెల వచ్చేసరికి, తగ్గుతున్న గడ్డే నిమ్మకాయంత అయి ఎర్రబడింది. పక్కన మరొకటి లేచింది. మందులు పనిచేయడం లేదని, మానేసి పసరు కట్టు వేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: గడ్డ పెరిగిందన్న కారణంతో మాత్రలు ఆపకండి. జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరిగిందని మీరే రాశారు. మందు అసలు పనిచేయకపోతే సాధారణంగా ఇవి ఇలా మెరుగుపడవు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది వైద్యులు పారడాక్సికల్ రియాక్షన్ అనే పరిస్థితి కావచ్చు. మందుల ధాటికి టీబీ క్రిములు పెద్దఎత్తున చనిపోతున్నప్పుడు వాటి శకలాలు గ్రంథిలో పేరుకుంటాయి. అంతవరకూ అణగి ఉన్న రోగనిరోధక శక్తి అప్పుడే కోలుకుని వాటి మీద విరుచుకుపడటంతో వాపు, ఎరుపు, నొప్పి, ఒక్కోసారి చీము కూడా వస్తాయి. లింఫు గ్రంథుల టీబీలో ఇది అరుదేమీ కాదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన వారిలో, మెదడులో టీబీ గడ్డలున్న వారిలో కూడా ఇలా జరుగుతుంది. హెచ్‌ఐవీ ఉండి, దాన్ని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు కొత్తగా మొదలుపెట్టిన వారిలో మరింత తీవ్రంగా ఉండవచ్చు.

అయితే మిగతా కారణాలేవీ కావని తేల్చుకున్నాకే దీనికి ఆ పేరు పెట్టాలి. ఉత్తరం చదివి నేను తేల్చగలిగిన విషయం కాదిది. ఈ వారంలోనే వైద్యుడికి చూపించి, మొదటి పరీక్షలో ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే టీబీయేనని తేలిందో లేదో అడగండి. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది: 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు 3, 50 నుంచి 64 కిలోల వారికి 4. అమ్మాయి బరువు పెరిగింది కాబట్టి మళ్లీ తూయించండి. గడ్డ నుంచి సూదితో చీము తీసి కల్చర్‌కు (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపితే, బతికిన క్రిములున్నాయో లేదో, ఉంటే ఏ మందుకు లొంగుతాయో తెలుస్తుంది. ఫలితానికి ఆరు వారాల వరకూ పట్టవచ్చు. టీబీ క్రిముల జన్యు పదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష చచ్చిన క్రిముల అవశేషాలను కూడా పట్టుకుంటుంది కనుక, అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన బెంబేలెత్తవద్దు. అవసరమనిపిస్తే ముక్క పరీక్ష చేసి, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వంటి వేరే జబ్బు కాదని కూడా నిర్ధారించుకుంటారు.

ఇది రియాక్షనేనని తేలితే చాలామందికి టీబీ మాత్రలు కొనసాగిస్తూ, నొప్పికి మందులిచ్చి, అవసరమైతే చీము సూదితో లాగేస్తే సరిపోతుంది. వాపు మరీ ఎక్కువైతే కొన్నాళ్లు స్టెరాయిడ్లు ఇస్తారు. అవి వైద్యుడు రాస్తేనే వాడాలి. గడ్డను కోయించడం, పసరు కట్టడం రెండూ వద్దు. చర్మం చితికి పుండు పడితే నెలల తరబడి కారుతూనే ఉంటుంది.

తలనొప్పితో వాంతులు, ఫిట్స్, ఆయాసం, చూపు మసకబారడం - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కళ్లు పచ్చబడితే అది కాలేయం మీద మందుల ప్రభావం కావచ్చు. అప్పుడు మాత్రం తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి.

ఆరు నెలల చికిత్స పూర్తయ్యాక కూడా చిన్న గడ్డ మిగిలిపోవచ్చు. అది పెరగకుండా, నొప్పి లేకుండా ఉంటే సాధారణంగా మళ్లీ మందులు అవసరం ఉండవు.