చదువు రానివాళ్లకు ఆరోగ్య కరపత్రం తెలుగులో ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. చదవలేని మనిషికి చేసి చూపించాలి, తర్వాత ఆ మనిషి చేతే చేయించి చూడాలి.

చదవడం రానివాళ్లు విన్నదంతా గుర్తుపెట్టుకోవాల్సిందే, కాగితం తీసి మళ్లీ చూసుకునే వీలుండదు. అందుకే ఒకసారికి రెండు మూడు విషయాలు మించకూడదు. పైగా మన కరపత్రాల్లో కనిపించే అతిసారం (నీళ్ల విరేచనాలు), నిర్జలీకరణ (ఒంట్లో నీరు తగ్గిపోవడం) లాంటి మాటలు చదువుకున్నవాళ్లకే మింగుడుపడవు.

ఉదాహరణకు విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక పిల్లాడికి నీళ్ల విరేచనాలు అవుతున్నాయనుకుందాం. పెద్ద ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి) ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి (200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు వేరు). పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ప్రమాదం. నీళ్లు ఎక్కువైతే మందు పలచబడి సరిగా పనిచేయదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. కొలత చదవలేని తల్లికి ఆశా కార్యకర్త ఖాళీ లీటరు వాటర్ బాటిల్ చూపిస్తే పని అయిపోతుంది. ఆ తర్వాత "అర్థమైందా?" అని అడగడం దండగ, మొహమాటానికి అందరూ తలూపుతారు. "ఏదమ్మా, నువ్వు కలిపి చూపించు" అనాలి. తప్పు ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది.

చాలామంది పొరబడేది బొమ్మల దగ్గర. బొమ్మ వేస్తే ఎవరికైనా అర్థమవుతుందనుకుంటారు. కానీ బాణం గుర్తులు, ఇంటూ మార్కులు, వరసగా చూడాల్సిన గళ్లు కూడా అలవాటుతో వచ్చేవే. అచ్చువేసే ముందు ఆ పేటలోనే నలుగురికి చూపించి, ఏం కనిపిస్తోందో వాళ్ల నోటే చెప్పించుకోవాలి.